పదిహేడో నంబరు కండ

లోపల చూస్తే మనుషులంతా ఒకటే అంటుంటారు. అనడానికేం, నోరు ఊరికే ఉండలేక అంటారు. నిజంగా లోపలికి చూసినవాళ్ళు ఆ మాట అనరు. ఆమె పద్దెనిమిదేళ్ళుగా చూస్తోంది. ఆస్పత్రి వెనక భవనంలో, మూడో అంతస్తులో, కిటికీకి నల్లగుడ్డ బిగించిన గదిలో కూర్చుని మనుషుల కండలు చూడటమే ఆమె ఉద్యోగం. తొడలోంచి బియ్యపు గింజంత ముక్క తీసి చిన్న సీసాలో పెట్టి పంపుతారు. ఆమె దాన్ని గడ్డకట్టించి, వెంట్రుక కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగులు పట్టించి మైక్రోస్కోపు కింద పెడుతుంది. ఒక్కో కండపోగు చుట్టూ ఎన్ని సన్నటి రక్తనాళాలున్నాయో లెక్కపెట్టి రాస్తుంది. "ఏం చేస్తుంటావమ్మా నువ్వు?" అని ఎవరైనా అడిగితే "ఎర్రచుక్కలు లెక్కపెడుతుంటాను" అనేది. అందులో అబద్ధమేమీ లేదు.

దీపం ఆర్పి, మైక్రోస్కోపు వెలిగించి, కళ్ళు ఆనించగానే లోకం మారిపోయేది. నల్లటి కండపోగులు పక్కపక్కనే ఒదిగి ఉంటాయి. వాటి అంచులు ఆకుపచ్చగా మెరుస్తుంటాయి. ఆ అంచుల మీద అక్కడొకటి ఇక్కడొకటి ఎర్రచుక్కలు, అవే రక్తనాళాలు. కాసేపు చూసేసరికి కింద కుర్చీ ఉన్న సంగతే మరిచిపోయేది. ఆ ఆకుపచ్చ సందుల్లోకి తానే దిగి నడుస్తున్నట్టుండేది. ఏ సందులో దీపాలు ఎక్కువున్నాయి, ఏ సందు చీకటిగా ఉంది, ఎక్కడ కొత్తగా ఒక దీపం వెలిగింది, అన్నీ చూసుకుంటూ, చప్పుడు చెయ్యకుండా, ఎవరినీ నిద్రలేపకుండా నడిచేది. అలా నడిచి నడిచి బయటికొస్తే మధ్యాహ్నం రెండయ్యేది. తెచ్చుకున్న డబ్బా చల్లారిపోయి ఉండేది.

ఆమె భర్త పుస్తకాలు బైండింగు చేస్తాడు. చిరిగినవి, చెదలు పట్టినవి, తడిసినవి ఎవరో తెచ్చిస్తే విప్పి, కుట్టి, అట్ట వేసి ఇస్తాడు. మనిషి మహా నెమ్మది. ఇల్లు అంటుకుందని చెప్పినా ముందు చెప్పులు వెతుక్కుని, వాటి దుమ్ము దులిపి, అప్పుడు బయటికొచ్చే రకం. ఆమె చెల్లెలు ఆయనకి "నిదానం బావ" అని పేరు పెట్టింది. ఎవరు ఏమన్నా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. అలాంటి మనిషికి బీపీ ఏమిటి అని ఊరంతా ముక్కున వేలేసుకుంది గానీ, బీపీకి మనిషి స్వభావంతో పనేముంది! నలభయ్యో ఏట వచ్చి కూర్చుంది. మాత్ర వేసుకున్నా సగమే దిగేది.

ఆయన అన్నగారికీ అంతే. ఆమె బావగారు. అన్నదమ్ములిద్దరూ కలిసే ఆ బైండింగు షాపు పెట్టారు. ఒకరోజు ఇద్దరూ కాగితం కట్టలు మోసుకుంటూ షాపు వెనక మెట్లెక్కుతుంటే, బావగారు మధ్యలో ఆగి గుండె మీద చెయ్యి వేసుకుని "దడదడలాడుతోందిరా, ఒక్క నిమిషం" అని మెట్టు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. మెదడులో నరం చిట్లిందన్నారు. అప్పటికి ఆయనకి యాభై. తమ్ముడికి ఇప్పుడు నలభై తొమ్మిది దాటి నాలుగు నెలలు. ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు గానీ, ఆమెకి ఆ మిగిలిన ఎనిమిది నెలలూ గొంతులో అడ్డంపడి ఉన్నాయి. ప్రతి ఆదివారం పొద్దున తోటికోడలు ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా "మరిది బీపీ ఎంత?" అనేది. ఈమె అప్పుడే చూసిన నంబరు చెప్పేది. అవతల ఒక నిట్టూర్పు వినిపించేది.

సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరమ్మ కొత్త పరిశోధన మొదలుపెట్టింది. బీపీ ఉన్నవాళ్ళకి సైకిలిచ్చి తొక్కిస్తారు. కదలని సైకిలే, ఎవరి చోట వాళ్ళు పెట్టుకుని, చక్రానికి బిగువు బిగించి తొక్కి, ఎంత బిగించారో కాగితం మీద రాసుకోవాలి. ముప్పై సెకన్లు బలమంతా పెట్టి తొక్కడం, రెండు నిమిషాలు ఊరికే కాళ్ళాడించడం, మళ్ళీ ముప్పై సెకన్లు. వారానికి మూడు పొద్దులు, మూడు నెలలు. మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి తొడలోంచి ముక్క తీస్తారు. కండలో కొత్త రక్తనాళాలు పుడతాయా, బీపీ దిగుతుందా అన్నది చూడాలి. ఆమె భర్తని చేరమని పోరింది. ఆయన మూడు రోజులు ఆలోచించి సరేనని, సైకిలు షాపు వెనక గదిలో పెట్టించుకున్నాడు. చేరిన రోజున డాక్టరమ్మ నవ్వుతూ "ఆ ముప్పై సెకన్లూ ప్రాణం మీదికొచ్చినట్టు తొక్కాలండీ" అంది. ఆయన మర్యాదగా తలాడించాడు. ఆ మాట ఆయనలో ఎక్కడ దిగిందో అప్పుడు ఎవరికీ తెలీదు.

ఒక నియమం ఉంది. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ ముక్క ఎవరిదో లెక్కపెట్టేవాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే కన్ను నిజం చూడదు. డాక్టరమ్మ ఆమెని పిలిచి మరీ చెప్పింది.

"మీ ఆయన కూడా ఉన్నాడు కాబట్టి చెబుతున్నా. ఇది ఫలానావాళ్ళదని ఊహ తగిలిందనుకో, ఊహే అయినా సరే, నాకు చెప్పెయ్. ఆ నంబరు ఇంకొకరికిస్తాను."

"అలాగే మేడమ్," అంది ఆమె.

ఆ గురువారం సాయంత్రం భర్త తొడకి పట్టీతో కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ గురువారం ఆమె బల్ల మీదికొచ్చిన సీసాలు రెండే. పదహారు, పదిహేడు. వాటిలో ఒకటి ఆయనదే, ఇక దాచడానికేముంది! వద్దనుకున్నా మనసు ఊరుకుంటుందా? మర్నాడు పదహారు చూసింది. పోగులు ఎగుడుదిగుడుగా, చుక్కలు పల్చగా, ఎవరో ఓపిక లేని మనిషిది. పదిహేడు చూసింది. పోగులన్నీ ఒకే కొలతలో, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా, సూదితో వరసగా కుట్టినట్టు ఉన్నాయి. ఇంత నీటు, ఇంత ఓర్పు మా ఆయనకి కాక ఇంకెవరికుంటుంది అనుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. డాక్టరమ్మకి చెప్పాలని రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చుండిపోయింది. చెబితే ఆ సందులు ఇంకెవరి పాలో అవుతాయి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన లోపలికి ఇంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. ఇంత దగ్గరికొచ్చి ఎలా వదులుకుంటుంది?

అప్పట్నించీ పని లేకపోయినా ఏదో వంక పెట్టుకుని పదిహేడుని బయటికి తీసేది. ఆ ఆకుపచ్చ సందుల్లో నడుస్తూ, పెళ్ళైన కొత్తలో ఆయన మాట్లాడకపోతే తాను అలిగిన సంగతులు, బావగారు పోయిన ఏడాదంతా ఆయన ఒక్కసారైనా ఏడవని సంగతి, అన్నీ గుర్తు చేసుకునేది. బయట మాట్లాడని మనిషి లోపల ఎంత బాగున్నాడో అనుకునేది. ఇంటికెళ్ళి, అట్టకి జిగురు రాస్తున్న ఆయన్ని గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయేది. "ఏమిటోయ్ అలా చూస్తావు?" అంటే "ఏం లేదులెండి" అని నవ్వేసేది. ఆయన కాస్త కంగారుపడి చొక్కా గుండీలు సరిచూసుకునేవాడు.

ఆరు వారాలకి రెండో ముక్కలొచ్చాయి. అదీ గురువారమే, అవీ ఆ రెండే. పదిహేడులో దీపాలు పెట్టినట్టుంది. ప్రతి మలుపులోనూ కొత్త ఎర్రచుక్క. కొన్ని పోగుల చుట్టూ అయిదేసి, ఆరేసి. ఆమె లెక్కపెడుతూ ఏడ్చేసింది. కన్నీళ్ళు అద్దానికి అంటుకుని చుక్కలు ఇంకా ఎక్కువైనట్టు కనిపించాయి. కళ్ళు తుడుచుకుని పదహారు పెట్టింది. అక్కడ ఎప్పటి పల్చదనమే. "పాపం, ఎవరో మహానుభావుడు, సైకిలు మీద చొక్కా ఆరేసుకుంటున్నట్టున్నాడు" అనుకుని, గబగబా పైపైన లెక్క వేసి పక్కన పెట్టేసింది.

ఆ ఆదివారం బీపీ చూసే మిషను బీరువాలోంచి తియ్యలేదు. ఆ తరవాత ఆదివారాలూ తియ్యలేదు. లోపల తోటంతా విరగబూసిందని కళ్ళారా చూశాక చేతికి పట్టీ కట్టి చూడటం దేనికి? తోటికోడలు ఫోన్ చేస్తే "కొండలా ఉన్నారక్కా, ఇంక బెంగలేదు" అంది. అవతల్నుంచి చాలా రోజులకి నవ్వు వినిపించింది. భర్త కూడా మిషను ఏదని అడగలేదు. ఎందుకడగలేదో ఆలోచించే తీరిక ఆమెకెక్కడిది, పదిహేడో నంబరు సందుల్లో తిరుగుతుంటే!

మూడో ముక్కలు కూడా అయిపోయాయి. లెక్కలన్నీ అప్పజెప్పారు. పేర్ల జాబితా తెరిచిన రోజున డాక్టరమ్మ గదిలోంచి పెద్ద గొంతు ఒకటి వరండా అంతా వినిపించింది. లోపలికి వెళ్తే తలుపంత మనిషి కూర్చుని ఉన్నాడు. రోడ్లు పగలగొట్టే మిషను పట్టే మనిషట. ఆ చప్పుడుకి చెవులు సగం పోయి అరిచినట్టు మాట్లాడుతున్నాడు.

"రా, రా," అంది డాక్టరమ్మ ఆమెతో, సంతోషం పట్టలేక. "అందరికన్నా బాగా మారింది ఇతనే. బీపీ కూడా బాగా దిగింది. నువ్వు లెక్కపెట్టిన పదిహేడో నంబరు."

ఆ మనిషి లేచి రెండు చేతులూ జోడించాడు. "నా కండ చూసింది మీరేనా అమ్మా? ఎలా ఉందంటారు?"

మూడు నెలలుగా పొద్దస్తమానం ఏ సందుల్లో తిరిగిందో, ఎవరి మలుపుల్లో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుందో అదంతా ఈయనదా! చెవుల దాకా వేడెక్కింది. "బాగుందండీ, చాలా నీటుగా ఉంది" అంది ఎలాగో. ఆయన పొంగిపోయి, ఇంట్లో చెబుతానంటూ వెళ్ళిపోయాడు.

"మరి... మావారు?" అంది.

డాక్టరమ్మ వేలితో వరస వెతికింది. మొహంలో నవ్వు తగ్గింది. "పదహారు. బీపీ కూడా ఏం దిగలేదు. నీతో నేనే మాట్లాడదామనుకున్నా."

కాసేపు దొంగకి తేలు కుట్టినట్టు నిలబడి, అప్పుడు ఆమె మొత్తం చెప్పేసింది. గురువారం సంగతి, ఊహ, చెప్పకపోవడం, అన్నీ. డాక్టరమ్మ కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఆ రెండు నంబర్లూ మళ్ళీ లెక్కపెట్టించాలి. అది తరవాత. ముందు నువ్వు ఇంటికెళ్ళి ఆయన్ని చూడు" అంది.

నడిమధ్యాహ్నం. షాపులో ఆయన పాత నిఘంటువు ఒకటి విప్పుకుని కుడుతున్నాడు. ఆమె ఇంట్లోంచి తెచ్చిన మిషను బల్ల మీద పెట్టి, ఆయన చేతిలో సూది తీసి పక్కన గుచ్చి, పట్టీ చుట్టింది. మిషను గాలి నింపుకుని, వదిలి, ఆగింది. నూట యాభై ఎనిమిది బై తొంభై ఎనిమిది.

"ఆరు వారాల పైనే చూడలేదు నేను," అంది. "మీరూ చూడమనలేదు. మీరు తొక్కట్లేదు కదూ?"

ఆయన దారం కొస వేలికి చుట్టుకున్నాడు.

"తొక్కుతున్నా. బిగువు వదిలేసి తొక్కుతున్నా. కాగితం మీద బిగించినట్టు రాశా."

"ఎందుకండీ?"

"గుండె గట్టిగా కొట్టుకోగానే అన్నయ్య కనిపిస్తాడు." వెనక గదికి అవతలున్న మెట్ల వైపు చూపించాడు. "దడదడలాడుతోందిరా అన్నాడు. నేను పక్కనే ఉన్నా. కట్ట దించి చెయ్యి పట్టుకునే లోపే... ఆవిడేమో ప్రాణం మీదికొచ్చినట్టు తొక్కమంది. అక్కడి దాకా వెళ్ళినవాడిని నేను చూశాను కదోయ్. తొమ్మిదేళ్ళయింది, నేను పరిగెత్తి. బస్సు వెళ్ళిపోతున్నా పరిగెత్తను. నువ్వు నిదానం నా స్వభావం అనుకుంటావు. భయం."

ఇరవై రెండేళ్ళ కాపురం. ఊరు ఊరంతా, ఆమెతో సహా, ఆయన భయాన్ని చూసి నిదానమని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఆమెకి ఆ క్షణాన సిగ్గేసింది. తన మీద తనకి అసహ్యం కూడా వేసింది. తాను చేసినదంతా చెప్పింది. పదిహేడో నంబరుని చూసి మురిసిన సంగతి, పదహారుని చూసి వెక్కిరించిన సంగతి, ఏదీ దాచలేదు. ఆయన విని, విని, చివరికి "పొరుగింటి పుల్లకూర రుచి" అన్నాడు. అని తానే నవ్వాడు. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వారం తరవాత కొత్త లెక్కలొచ్చాయి. ఇంకో ఊరి ల్యాబులో, ఎవరి సంగతీ తెలియనివాళ్ళు లెక్కపెట్టారు. పదిహేడు బాగానే ఉంది గానీ ఆమె రాసినంత లేదు. పదహారు ఆమె రాసినదానికన్నా ఎక్కువుంది. పెద్ద తేడా కాదు. కానీ ఉంది. ఆమె నమ్మలేక, అడిగి మరీ ఆ గాజుపలక తీసుకుని చీకటి గదిలో కూర్చుంది. ఈసారి తొందరపడలేదు. ఎగుడుదిగుడు పోగుల మధ్య, మసక సందుల్లో, అంచులకి అంటుకుని, సన్నగా, దాక్కున్నట్టుగా కొన్ని ఎర్రచుక్కలున్నాయి. అన్నీ కొత్తవే. అప్పుడూ ఉన్నాయి. భయపడుతూ, బిగువు వదిలేసి, అబద్ధం రాసుకుంటూ తొక్కినా కూడా ఆ మనిషి కండ చేతనైనంత చేసింది. తానే చూడలేదు. ఆమె ఆ సందుల్లో చాలాసేపు నిలబడింది. అక్కడ నడవాలనిపించలేదు, ఊరికే ఉండాలనిపించింది.

డాక్టరమ్మ మందు మార్చింది. గుండె పరీక్షలన్నీ చేయించి, తొక్కవచ్చు గానీ మెల్లగా పెంచాలంది. మొదటి వారాలు సగం బిగువు, తరవాత ముప్పావు. పక్కన మనిషి ఉండాలి. ప్రాణం మాట మళ్ళీ ఎత్తలేదు.

అయిదో వారం శనివారం పొద్దున షాపు వెనక గదిలో, అట్టల దొంతరల మధ్య సైకిలెక్కి కూర్చున్నాడు. కిటికీలోంచి ఎండ సన్నగా పడుతోంది. కాగితపు దుమ్ము అందులో తేలుతోంది. మొత్తం బిగించాల్సిన రోజు అదే. ఆమె బిగించింది. ఆయన వీపు మీద అరచెయ్యి వేసింది.

"నేను లెక్కపెడతాను," అంది. "ఈసారి సరిగ్గా లెక్కపెడతాను."

ఒకటి, రెండు, మూడు. చక్రం మూలిగి కదిలింది. తొమ్మిది, పది. చొక్కా తడిసింది. అరచేతి కింద గుండె మొదట మెల్లగా, తరవాత దబదబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ కదలని కండల్నే చూసిన చెయ్యి అది. ఇలా ప్రాణంతో కొట్టుకుంటుంటే దానికి ఏం చెయ్యాలో తోచలేదు, ఇంకా గట్టిగా ఆనింది.

"భయమేస్తోందోయ్," అన్నాడు, ఒగరుస్తూ.

"నాకూ వేస్తోందండీ. పదిహేను, పదహారు, పదిహేడు..."

ఆయన కళ్ళు మెట్ల వైపు వెళ్ళాయి. కాళ్ళు తడబడ్డాయి. ఆమె లెక్క ఆపలేదు. ఇరవై రెండు దగ్గర ఆయన తల వంచుకుని, పళ్ళు బిగించి, బలమంతా పెట్టి తొక్కాడు. ముప్పై అనగానే హాండిలు మీద వాలిపోయాడు. ఆమె ఆగింది. ఆయన ఊపిరి తీసుకుంటున్నాడు. మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ. అప్పుడు భుజాలు ఎగసిపడ్డాయి. ఆయన ఏడుస్తున్నాడు. అన్న పోయిన తొమ్మిదేళ్ళకి, నోరు విప్పి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. రెండు నిమిషాలు అలాగే గడిచాయి. ఆయన మొహం తుడుచుకుని రెండో ముప్పైకి పెడలు మీద కాలు పెట్టాడు.

అన్నీ అయ్యాక, గంటసేపు కూర్చున్నాక, పట్టీ కట్టింది. మిషను నంబరు చూపించింది. ఆమెకి అందులోంచి ఒక పది తీసేసి చెప్పాలనిపించింది. ఎంత అనిపించిందో చెప్పలేను.

"ఎంత?" అన్నాడు.

"నూట నలభై ఎనిమిది బై తొంభై రెండు," అంది. "కాస్త దిగింది. కానీ ఇంకా ఎక్కువేనండీ."

ఆయన చొక్కా చేతులు దించి, గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"సరే," అన్నాడు. "సోమవారం ఎన్నింటికి?"

"ఆరింటికి," అంది ఆమె, పట్టీ మడుస్తూ.